తెర ముందు విన్నపం

(లండన్ నాటకశాలల కథ – ఏడవ భాగం)

1773 మార్చి 15 సాయంత్రం. లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాల. ఆకుపచ్చ తెర ఇంకా లేవలేదు. రంగస్థలం పక్కనున్న తలుపు తెరుచుకుని ఒక నటుడు తెర ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద నల్లబట్టలు. చేతిరుమాలు కళ్లకు అద్దుకుంటున్నాడు. అతని పేరు హెన్రీ వుడ్‌వర్డ్. ఊరంతటినీ నవ్వించే మనిషి.

వుడ్‌వర్డ్ పద్యం అందుకున్నాడు. హాస్యదేవత మంచాన పడిందట. కన్నీటి నాటకాల జబ్బు ముదిరి నేడో రేపో అన్నట్టుందట. ఆమె పోతే తనలాంటి నటుల నోట్లో మట్టే. అయితే ఈ రాత్రి ఒక వైద్యుడు అయిదు మోతాదుల మందు కలిపి తెచ్చాడు. అతను అసలైన వైద్యుడో, నాటువైద్యుడో తేల్చాల్సింది సభలో కూర్చున్న మీరే. ఇంత చెప్పి అతను లోపలికి వెళ్లిపోయాడు, తెర లేచింది. అయిదు మోతాదులంటే అయిదు అంకాలు. వైద్యుడంటే అందరూ డాక్టర్ అని పిలిచే ఆలివర్ గోల్డ్‌స్మిత్. నాటకం ‘షీ స్టూప్స్ టు కాంకర్’. ఆ పద్యం గోల్డ్‌స్మిత్ రాసింది కాదు. పోటీ నాటకశాల డ్రూరీ లేన్ యజమాని డేవిడ్ గారిక్ రాసిచ్చాడు. చదివిన వుడ్‌వర్డ్‌కు నాటకంలో పాత్ర లేదు. టోనీ లంప్‌కిన్ వేషం ఇస్తామంటే వద్దన్నాడు. అయినా ఆ నాటకం తరఫున జనం ముందుకు మొదట వచ్చింది అతనే.

గత భాగంలో నాటకశాలల కట్టడాలు, యాజమాన్యాలు చూశాం. ఈసారి ఆ కట్టడాల్లో ప్రతి కొత్త నాటకానికీ ముందొకటి, వెనకొకటి వినిపించిన చిన్న పద్యాల గురించి చెప్పుకుందాం. ఇంగ్లీషులో వాటిని ప్రొలాగ్, ఎపిలాగ్ అంటారు. మన వీలు కోసం తొలిపద్యం, తుదిపద్యం అందాం. సాధారణంగా ముప్పై నలభై పాదాలుండేవి. పాదానికి పది అక్షరాలు, రెండేసి పాదాలకు అంత్యప్రాస. మన ద్విపదలా రెండు పాదాలకొక ఊపు, ఆ ఊపు చివర ఒక చమత్కారం. ఈనాటి అచ్చు పుస్తకాల్లో నాటకానికి అటూ ఇటూ చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. చదివేవాళ్లు చాలామంది వాటిని దాటేసి మొదటి అంకానికి వెళ్లిపోతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే దాటేశాను. ఆనాటి ప్రేక్షకుడి ముఖం మనకు కనిపించే కిటికీ అదేనని ఆలస్యంగా తెలిసింది.

మనకు నాంది, ప్రస్తావన, భరతవాక్యం కొత్త కాదు. సూత్రధారుడు వచ్చి కవి పేరు, నాటకం పేరు చెప్పి, సభను మెచ్చుకుని, నటితో రెండు మాటలాడి కథలోకి దారి తీస్తాడు. చివర భరతవాక్యం లోకక్షేమం కోరుతుంది. లండన్ తొలిపద్యానికి కథతో అంత పని లేదు. దాని గురి ఎదురుగా కూర్చున్న జనం మీదే. ఒక నాటకపు తొలిపద్యాన్ని ఇంకో నాటకానికి తగిలించినా తేడా తెలియదని హెన్రీ ఫీల్డింగ్ తన ‘టామ్ జోన్స్’ నవలలో ఒక అధ్యాయం మొదట చెప్పుకొచ్చాడు. ఆ మాట నిజమే. కానీ అది లోపమని నేననుకోను. ఆ పద్యం నాటకాన్ని పరిచయం చేయడానికి పుట్టలేదు. నాటకానికి ప్రాణభిక్ష అడగడానికి పుట్టింది.

అంత భిక్ష అడగాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ సభలో ఒకసారి కూర్చోవాలి. ఆట జరుగుతున్నంతసేపూ సభలో దీపాలు ఆర్పేవారు కాదు. నటులు జనాన్ని చూసేవారు, జనం ఒకరినొకరు చూసుకునేవారు. రంగస్థలానికి ఎదురుగా నేల మీద వెన్ను ఆనని బల్లలు వేసి ఉండేవి. దాన్ని పిట్ అనేవారు. మన సినిమా హాళ్ల నేల టికెట్టు అనుకునేరు, అది చవక కాదు. శతాబ్దం నడిమిలో పిట్‌కు మూడు షిల్లింగులు. న్యాయవిద్యార్థులు, పత్రికల వాళ్లు, నాటకం మంచిచెడ్డలు తేల్చే పెద్దమనుషులు అక్కడ కూర్చునేవారు. చుట్టూ బాక్సుల్లో అయిదు షిల్లింగులిచ్చిన ప్రభువులు, వారి ఆడవాళ్లు. పైన మొదటి గ్యాలరీకి రెండు షిల్లింగులు, ఆ పైదానికి ఒకటి. అక్కడ నౌకర్లు, పనినేర్చుకునే కుర్రాళ్లు, నావికులు. మూడో అంకం అయ్యాక సగం ధరకే లోపలికి రావచ్చు. తొలిపద్యం చెప్పే నటుడు ఈ మూడు అంతస్తులనూ ఒక్కొక్కటిగా పేరు పెట్టి పలకరించేవాడు. పిట్‌ను న్యాయమూర్తులన్నాడు, బాక్సుల్లోని స్త్రీలను దయామూర్తులన్నాడు, పై గ్యాలరీని దేవతలన్నాడు. ఎవరికి దక్కాల్సిన గౌరవం వారికి దక్కకపోతే ఆ వైపు నుంచి నారింజ తొక్కలు వచ్చేవి.

డబ్బు లెక్క ఇంకా కఠినం. నాటకకర్తకు జీతమంటూ లేదు. మూడో రాత్రి, ఆరో రాత్రి, తొమ్మిదో రాత్రి వసూళ్లలో ఖర్చులు పోగా మిగిలింది అతనిది. మొదటి రాత్రే జనం ఈలలు వేసి గోల చేసి నాటకాన్ని తొక్కేస్తే మూడో రాత్రి రాదు, నెలల కష్టానికి చిల్లిగవ్వ దక్కదు. పిల్లికూత కూసే చిన్న ఈల ఒకటి ఉండేది. దాన్ని జేబులో వేసుకుని మరీ నాటకానికి వచ్చేవాళ్లు. తొలిపద్యంలో మూడో రాత్రి ప్రస్తావన పదేపదే రావడానికి కారణం ఇదే. కవి ఆకలి ఆ అంత్యప్రాసల వెనక ఉంది.

శామ్యూల్ జాన్సన్ అనుభవం చూడండి. అతని విషాద నాటకం ‘ఐరీన్’ 1749 ఫిబ్రవరి 6న డ్రూరీ లేన్‌లో ఆడింది. తెర లేవకముందే పిల్లికూతలు మొదలయ్యాయి. జాన్సన్ మిత్రులకు గుండెలు జారిపోయాయి. జాన్సన్ తానే రాసుకున్న తొలిపద్యం బతిమాలదు. నిటారుగా నిలబడి, నచ్చకపోతే నచ్చలేదనండి, నేను మాత్రం కుయుక్తులు పన్నను అన్న ధోరణిలో సాగుతుంది. ఆ ధీమాకు సభ సద్దుమణిగిందని అక్కడే ఉన్న మిత్రుడు డాక్టర్ ఆడమ్స్ తర్వాత జాన్సన్ జీవితచరిత్ర రాసిన బోస్వెల్‌కు చెప్పాడు. చివరి అంకంలో కథానాయిక మెడకు తాడు బిగించే ఘట్టం వచ్చేసరికి మాత్రం జనం ‘హత్య, హత్య’ అని కేకలేశారు. మరో ప్రదర్శనకల్లా ఆ చావును తెర వెనక్కి నెట్టారు. అయినా నాటకం తొమ్మిది రాత్రులు గట్టెక్కింది. ఆ మూడు రాత్రుల వాటాగా జాన్సన్‌కు సుమారు 195 పౌండ్లు ముట్టాయి. అప్పటికి నిఘంటువు పనిలో మునిగి ఉన్న మనిషికి అది చిన్న మొత్తం కాదు. మొదటి నిమిషాల్లో ఆ పద్యం సభను పట్టి నిలపకపోతే ఆ డబ్బు ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

తొలిపద్యం ఇలా బరువైన పని చేస్తుంటే తుదిపద్యం దారి వేరు. దాన్ని ఎక్కువగా నటీమణులే చెప్పేవారు, అదీ చిలిపిగా. ఈ అలవాటు వెనకటి శతాబ్దంలోనే బలపడింది. 1669లో డ్రైడెన్ రాసిన ‘టిరానిక్ లవ్’ అనే విషాద నాటకంలో నెల్ గ్విన్ రాకుమార్తెగా నటించి, ఆత్మహత్య చేసుకుని పడిపోయింది. శవాన్ని మోసుకుపోవడానికి వచ్చినవాళ్లను తిట్టి ఆపి, చటుక్కున లేచి నిలబడి తుదిపద్యం చెప్పింది. చచ్చిన పాత్రలోంచి బతికున్న నటి బయటికొచ్చి జనాన్ని పేరుపేరునా పలకరించిన ఆ క్షణాన్ని లండన్ మరచిపోలేదు. ఆ తర్వాత వందేళ్లపాటు కన్నీటి నాటకాల చివర నవ్వు పద్యం ఉండాలని జనం పట్టుబట్టారు.

ఆ నవ్వు మీద పెద్ద వివాదమే జరిగింది. 1712 మార్చిలో డ్రూరీ లేన్‌లో ఆంబ్రోజ్ ఫిలిప్స్ రాసిన ‘ది డిస్ట్రెస్ట్ మదర్’ ఆడింది. ఫ్రెంచి కవి రసీన్ నాటకానికి అది ఇంగ్లీషు రూపం. ట్రాయ్ యుద్ధంలో భర్త హెక్టర్‌ను పోగొట్టుకుని, కొడుకుతో సహా శత్రువు చెరలో పడిన ఆండ్రమకి కథ. ఆ పాత్ర వేసిన ఆన్ ఓల్డ్‌ఫీల్డ్ అయిదు అంకాల పాటు సభను ఏడిపించి, చివర తెర ముందుకొచ్చి ఆ వితంతువు దశ ఎలా తిరిగిందో కొంటెగా చెప్పుకుంది. మొదటి మూడు రాత్రులూ ఆ పద్యాన్ని రెండేసిసార్లు చెప్పించారు. ఆ ఆట నడిచినన్నాళ్లూ, తర్వాత ఎన్నో ఏళ్లకు మళ్లీ వేసినప్పుడూ జనం ఆ పద్యం కావాల్సిందేనన్నారు. ఇంగ్లీషు రంగస్థలం మీద అంతగా నెగ్గిన తుదిపద్యం మరొకటి లేదని జాన్సన్ రాశాడు. మన పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ కేకలు విన్నవాళ్లకు ఆ హోరు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

కొద్ది రోజులకే ‘స్పెక్టేటర్’ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. కళ్లు తుడుచుకుంటూ ఇంటికి వెళ్లాలనుకున్నవాణ్ణి పట్టుకుని నవ్వించి, గుండెలో నిలిచిన విషాదాన్ని ఊడ్చేశారని అందులో ఫిర్యాదు. మరో సంచికలో జవాబు వచ్చింది. నెల్ గ్విన్ ఉదాహరణ చూపి, నాటకం ముగిసింది కనుక పద్యం వేరే వినోదమేనని అందులో వాదించారు. ఆ పద్యం యూస్టెస్ బడ్జెల్ పేరు మీద చెలామణీ అయింది. నిజానికి అతని బంధువు, పెద్ద రచయిత జోసెఫ్ ఆడిసన్ రాశాడని, బడ్జెల్ ఒక ఉద్యోగం కోసం తిరుగుతుండగా పలుకుబడి పెరుగుతుందని అచ్చులో పేరు మార్పించాడని తర్వాతివాళ్లు చెప్పారు. ముప్పై నలభై పాదాల పద్యం ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం కాగలిగిందన్నమాట. పాతికేళ్లు దాటాక రిచర్డ్‌సన్ ‘పమేలా’ నవల రెండో భాగం రాసినప్పుడు కూడా కథానాయిక ఇదే నాటకం చూసి, ఆ తుదిపద్యం విని సిగ్గుపడి ఇంటికొస్తుంది.

నా మటుకు నేను ఫిర్యాదీ పక్షమూ కాదు, జవాబిచ్చినవాడి పక్షమూ కాదు. ఆ నవ్వు విషాదాన్ని చెరిపేయడానికి వచ్చిందని అనిపించదు. ఇంతసేపూ మీరు చూసింది మేమే, ఇక మీ మధ్యలోకి వచ్చేశాం అని చెప్పడానికి వచ్చింది. ఏడ్చినవాడికి ఇంటికి దారి చూపించే నవ్వు అది.

మరుసటి ఏడాది, 1713 ఏప్రిల్ 14న, ఆడిసన్ సొంత నాటకం ‘కేటో’ వచ్చింది. రోము స్వాతంత్ర్యం కోసం ప్రాణం తీసుకున్న వీరుడి కథ. దేశం విగ్‌లు, టోరీలు అనే రెండు రాజకీయ పక్షాలుగా చీలి ఉన్న రోజులు. తొలిపద్యం పాతికేళ్లు నిండని అలెగ్జాండర్ పోప్ రాశాడు. అందులో బ్రిటన్ ప్రజలను ‘లేవండి’ అని పిలిచే మాటొకటి ఉండేదట. తిరుగుబాటుకు ఉసిగొల్పుతున్నారంటారేమోనని ఆడిసన్ జంకాడు. దాన్ని ‘ఆలకించండి’ అనే అర్థం వచ్చే మాటగా మార్చారు. ఆ ఒక్క మాట చుట్టూ అంత భయం ఉందంటే తొలిపద్యాన్ని జనం ఎంత శ్రద్ధగా వినేవారో తెలుస్తుంది. చివరికి రెండు పక్షాలూ పోటీపడి చప్పట్లు కొట్టాయి. టోరీ నాయకుడు బోలింగ్‌బ్రోక్ కేటో వేషధారి బార్టన్ బూత్‌ను బాక్సుకు పిలిపించి యాభై గినీలు చేతిలో పెట్టాడు.

ప్రభుత్వానికీ ఈ పద్యాల బలం తెలుసు. 1737లో ప్రధాని వాల్‌పోల్ తనను ఎగతాళి చేసే నాటకాల నోరు కట్టడానికి లైసెన్సింగ్ చట్టం తెచ్చాడు. కొత్త నాటకాన్ని ఆడడానికి పద్నాలుగు రోజుల ముందు లార్డ్ చాంబర్లేన్‌కు ప్రతి పంపాలి. కాదని ఆడితే యాభై పౌండ్ల జరిమానా. చట్టంలో కొత్త నాటకం, పాత నాటకానికి చేర్చిన కొత్త ఘట్టం అంటూ రాసుకుంటూ పోయి, కొత్త ప్రొలాగ్, కొత్త ఎపిలాగ్ అని విడిగా పేరు పెట్టి చేర్చారు. నాటకం శుభ్రంగా ఉన్నా తెర ముందు నిలబడినవాడు నాలుగు పాదాల్లో ఏం పేలుస్తాడోనని ఆ భయం. అలా పంపిన ప్రతుల్లో చాలా భాగం, 1778 నుంచి 1824 వరకు ఆ ప్రతుల పరిశీలకుడిగా ఉన్న జాన్ లార్పెంట్ దగ్గర మిగిలిపోయి, ఇప్పుడు అమెరికాలో కాలిఫోర్నియాలోని హంటింగ్‌టన్ గ్రంథాలయంలో ఉన్నాయి. నోరు నొక్కాలని తెప్పించుకున్న కాగితాలే ఆ గొంతులను మనదాకా మోసుకొచ్చాయి.

ఇక గారిక్ దగ్గరికి రావాలి. ఆయన లేకుండా ఈ కథ లేదు. 1747 సెప్టెంబరు 15న డ్రూరీ లేన్‌కు భాగస్వామ్య యజమానిగా మొదటి సీజన్ తెరిచినప్పుడు ఆయన వయసు ముప్పై. పదేళ్ల కిందట తనతో కలిసి లిచ్‌ఫీల్డ్ నుంచి లండన్‌కు వచ్చిన పాత గురువు జాన్సన్‌ను ఒక తొలిపద్యం రాసిమ్మన్నాడు. జాన్సన్ మొత్తం పద్యాన్ని మనసులోనే కట్టి, పూర్తయ్యాక కాగితం మీద పెట్టాడు. తర్వాత మార్చింది ఒక్క మాట, అదీ గారిక్ పట్టుబడితే. ఆ సవరణ సబబని తనకు అనిపించలేదని, కానీ చెప్పేవాడికి తృప్తి ఉండాలి కదా అని మార్చానని జాన్సన్ చెప్పుకున్నాడు. షేక్‌స్పియర్ నుంచి తమ రోజుల దాకా రంగస్థలం ఎలా ఎక్కిందో, ఎలా దిగజారిందో అరవై రెండు పాదాల్లో చెప్పి, ఆ దిగజారుడుకు బాధ్యత ప్రేక్షకులదేనని మర్యాదగా వాళ్ల ముందే పెట్టాడు. మంచి నాటకం కావాలంటే ముందు మీరు మంచి నాటకాన్ని కోరుకోండి అన్నది దాని సారం. బతిమాలే పద్యరూపాన్ని తీసుకుని అందులో ప్రేక్షకుడికి పని అప్పగించాడు. ఈ కోవలో నేను చదివినవాటిలో దీన్ని మించింది నాకు కనిపించలేదు.

ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు గారిక్ తన కోసం, స్నేహితుల కోసం, పోటీదారుల కోసం కూడా పదుల సంఖ్యలో ఈ పద్యాలు రాశాడు. హన్నా మోర్ నాటకం ‘పెర్సీ’ 1777 డిసెంబరులో కోవెంట్ గార్డెన్‌లో ఆడినప్పుడు తొలిపద్యం, తుదిపద్యం రెండూ ఆయనవే. ప్రతిఫలం సంగతి ఆమె ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది. డ్రైడెన్ ఒక్కోదానికి అయిదు గినీలు పుచ్చుకునేవాడు, నేను అతనికంటే కలిగినవాణ్ణి కనుక మంచి భోజనం, ఒక సీసా ద్రాక్షసారా చాలు అన్నాడట గారిక్. నా తాహతుకు మాంసం ముక్క, ఒక ముంత పోర్టర్ బీరు మాత్రమే అని ఆమె బేరమాడింది. చివరికి అర్ధరాత్రి వేళ ఇద్దరూ రొట్టె, తేనెతో సరిపెట్టుకున్నారు. అప్పటికి ఆయన రంగస్థలం వదిలేశాడు. అయినా ఒక కొత్త రచయిత్రి నాటకానికి తన పేరు అండ పెట్టడానికి వెనకాడలేదు.

గోల్డ్‌స్మిత్ నాటకానికి గారిక్ తొలిపద్యం చక్కగా కుదిరింది. తుదిపద్యం దగ్గర మాత్రం కవికి చుక్కలు కనిపించాయి. మిత్రుడు క్రాడక్‌కు రాసిన ఉత్తరంలో ఆ గోడు వెళ్లబోసుకున్నాడు. ముందు ఆర్థర్ మర్ఫీ ఒకటి పంపాడు. అది పాట, గాయని ఆన్ కాట్లీ పాడాలి. ఆమెకు నచ్చింది. ఈ సంగతి విని కథానాయిక వేషం వేస్తున్న మిసెస్ బల్క్‌లీ, ఆనవాయితీ ప్రకారం తుదిపద్యం తనది, ఇవ్వకపోతే వేషమే వదిలేస్తానంది. సరే, ఈ పద్యం ఎవరిదని ఇద్దరూ రంగస్థలం మీదే పోట్లాడుకున్నట్టు గోల్డ్‌స్మిత్ రెండోది రాశాడు. ఈసారి కాట్లీ ఒప్పుకోలేదు. బల్క్‌లీ ఒక్కదాని కోసం మూడోది రాస్తే, మేనేజరు కోల్మన్ ఇది చెప్పించదగ్గది కాదని తీసిపారేశాడు. నాలుగోసారి రాసింది నిలిచింది. పల్లెటూరి పనిపిల్ల నుంచి దొరసాని దాకా ఒక ఆడమనిషి బతుకును అయిదు అంకాలుగా విడగొట్టి చూపించిన పద్యం అది. తాను మాత్రం దాన్ని చప్పటి సరుకనే అన్నాడు. ఇక నాటకాల జోలికి పోనన్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో చనిపోయాడు. వేషం వదులుకుంటాను గానీ తుదిపద్యం వదులుకోనన్న బల్క్‌లీ పట్టుదలను అహంకారమనలేను. మిగతా నాటకమంతా ఇంకొకరి మాటలు. ఆ నాలుగు నిమిషాలే జనంతో ఆమె ఆమెగా మాట్లాడే చోటు.

ఆ చోటును ఒక నటి ఎంత దూరం తీసుకెళ్లగలదో సారా సిడన్స్ చూపించింది. 1782 మే 21న బాత్ నగరంలో ఆమె వీడ్కోలు ప్రదర్శన. ఆ ఊరివాళ్లు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. వాళ్లను వదిలి డ్రూరీ లేన్‌కు ఎందుకు వెళుతోందో మూడు కారణాలు చెబుతానని ముందే ప్రకటించింది. ఆడిన నాటకం అదే పాత ‘డిస్ట్రెస్ట్ మదర్’. ఆట అయ్యాక తానే రాసుకున్న పద్యం చెబుతూ లోపలికి వెళ్లి తన ముగ్గురు పిల్లలను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. హెన్రీ, సాలీ, మరియా. అవే ఆ మూడు కారణాలు. అప్పటికి ఆమె మళ్లీ గర్భవతి. డెబ్భై ఏళ్ల కిందట ఓల్డ్‌ఫీల్డ్ ఏ నాటకం చివర జనాన్ని కొంటెగా నవ్వించిందో, దాని చివరే సిడన్స్ బతుకుతెరువు గురించి ఉన్నదున్నట్టు చెప్పింది.

చనిపోయినవాళ్ల తరఫున కూడా ఈ పద్యాలు నిలబడ్డాయి. కవి మిల్టన్ మనవరాలు ఎలిజబెత్ ఫాస్టర్ పేదరికంలో ఉందని తెలిసి 1750 ఏప్రిల్ 5న డ్రూరీ లేన్‌లో ఆయన ‘కోమస్’ ఆడి వసూళ్లు ఆమెకిచ్చారు. తొలిపద్యం జాన్సన్ రాశాడు, గారిక్ చెప్పాడు. 1770లో హ్యూ కెల్లీ నాటకం ‘ఎ వర్డ్ టు ది వైజ్’ను రాజకీయ కక్షతో తొక్కేశారు. కెల్లీ ప్రభుత్వం తరఫున రాసేవాడని, ప్రభుత్వాన్ని ఎదిరించే విల్క్స్ వర్గానికి కోపం. 1777లో అతను భార్యాబిడ్డలను దిక్కులేకుండా వదిలి చనిపోతే, ఆ కుటుంబం కోసం ఆ నాటకాన్నే కోవెంట్ గార్డెన్‌లో మళ్లీ వేశారు. అప్పుడూ జాన్సనే రాశాడు. చచ్చినవాడి మీద పోరు ఎందుకు, ఇప్పుడు మీ మెప్పూ అతనికి అందదు, మీ ఈలలూ తగలవు, బతికున్నవాళ్లను చూడండి అని. ఏడేళ్ల కిందట గోల చేసి ఆపేసిన నాటకాన్ని ఈసారి సభ మర్యాదగా చివరిదాకా విన్నది.

గారిక్ కథలో మన తీరం పోగు ఒకటి ఉంది. కలకత్తాలో ఇంగ్లీషు వర్తకులు పెట్టుకున్న నాటకశాలకు ఆయన సాయం చేశాడు. కృతజ్ఞతగా వాళ్లు ఆయన భార్యకు అద్దకం బట్టలు పంపారు. పూలచెట్లు, తీగలు దిద్దిన ఆ నూలుబట్ట మచిలీపట్నం పని. బ్రిటన్ నేతగాళ్ల కోసం అలాంటి అద్దకం బట్టను నిషేధించి ఉన్నందున లండన్ కస్టమ్స్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. 1775లో గారిక్ ఖజానా కార్యదర్శి గ్రే కూపర్‌కు భార్య దుఃఖాన్ని వర్ణిస్తూ, బతిమాలుతూ ఉత్తరం రాశాడు. తెర ముందు నిలబడి జనాన్ని మెప్పించిన నేర్పే ఆ అర్జీలోనూ ఉంది. హాంప్టన్‌లోని వాళ్లింటి మంచానికి అమర్చిన ఆ తెరలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆంధ్ర తీరంలో అద్దకందారు చేతి కలం గీసిన తీగ, లండన్ నటుడి పడకగది తెర మీద అలాగే నిలిచి ఉంది.

ఈ పద్యాలు నాటకంతోనే ముగిసిపోయేవి కావు. మర్నాడే పత్రికలు అచ్చువేసేవి. ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ లాంటి మాసపత్రికల్లో ఇవి తరచూ కనిపిస్తాయి. నాటకం చూడలేని పల్లెటూళ్లవాళ్లు వీటిని చదివి కంఠతా పట్టేవారు. 1779లో నాలుగు సంపుటాల సంకలనమే వచ్చింది. నాటకాలు మూలపడ్డా వాటి ముందు వెనకల పద్యాలు అలా మిగిలాయి. పేర్లు కూడా ఎవరూ గుర్తుపెట్టుకోని నాటకాలు ఎన్నో ఆ సంపుటాల్లో ఈ నలభై పాదాల వల్లే బతికున్నాయి.

1776 జూన్ 10. డ్రూరీ లేన్. ముప్పై అయిదేళ్ల నట జీవితం తర్వాత గారిక్ ఆఖరిసారి రంగస్థలం ఎక్కుతున్న రాత్రి. నాటకం ‘ది వండర్’, ఆయనది డాన్ ఫెలిక్స్ వేషం. ఆ రాత్రి వసూళ్లు వయసుడిగిన నటుల సహాయనిధికి. ఆట మొదట్లో ఎప్పటిలాగే తెర ముందుకొచ్చి, ఆ నిధి కోసం తాను రాసిన తొలిపద్యం చెప్పాడు. తోటినటుల కోసం అడగడానికి పద్యం ఎప్పటిలాగే సాయపడింది. నాటకం ముగిసింది. ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. సభ నిశ్శబ్దంగా ఉంది. ఇలాంటి సందర్భాల్లో వీడ్కోలు పద్యం చెప్పడం ఆనవాయితీ అని, తానూ అలాగే రాద్దామని కూర్చున్నానని అన్నాడు. కానీ అప్పుడు రాయడం చేతకాలేదని, రాసి ఉంటే ఇప్పుడు చెప్పడమూ చేతకాదని అన్నాడు. అంత్యప్రాసల గలగల, కల్పించిన మాటలు ఇప్పటి తన మనసుకు పొసగవన్నాడు. ఎన్నో నాటకాల కోసం, ఎందరో కవుల కోసం ఇదే చోట నిలబడి పద్యంలో అడిగిన ఆ మనిషి, తన వంతు వచ్చేసరికి మామూలు మాటల్లో సెలవు అడిగి, వంగి నమస్కరించి, వెనక్కి నడిచాడు.